మెట్ట పొలంలో ఎడారి సుడిగాలి: కాగిన నేల గాలిని ఎలా తిప్పుతుంది?

సుడిగాలి గురించి రాసిన చోటల్లా ఎడారి బొమ్మ ఉంటుంది. అరిజోనాలోనో, సహారాలోనో, రాజస్థాన్‌లోని థార్‌లోనో చెట్టన్నది లేని మైదానం, దాని మీద తనంతట తానే నడిచి వెళుతున్నట్టుండే దుమ్ము స్తంభం. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. సుడిగాలుల మీద జరిగిన కొలతల్లో ఎక్కువ భాగం ఎడారుల్లోనే జరిగాయి కూడా. అయితే చైత్ర, వైశాఖ మాసాల్లో బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి పరిసరాల మెట్ట పొలాల మీదుగా మధ్యాహ్నం పూట ప్రయాణించే వారికి అదే స్తంభం, కాస్త చిన్న కొలతలో, ఎర్రమట్టి రంగులో కనిపిస్తుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే, తుపానులకు పేరుపడిన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోకి ఎడారి గాలి ఎక్కడి నుంచి వచ్చిందన్న సందేహం న్యాయమైనదే. అది ఎక్కడి నుంచీ రాదు, ఆ నేల మీదే పుడుతుంది. సుడిగాలికి కావలసింది ఎడారి కాదు. మాడిపోయేంత వేడెక్కిన ఎండు నేల, దాని మీద అంతగా వేడెక్కని గాలి, ఈ తేడాను చెదరగొట్టనంత నెమ్మదైన పవనం. ఎడారిలో ఇవి ఏడాదిలో చాలా నెలలు కలిసే ఉంటాయి. ఉత్తరాంధ్ర మెట్టలో వేసవిలో కొన్ని వారాలపాటు, అదీ రోజుకు మూడు నాలుగు గంటలు కలుస్తాయి. ఆ కొద్ది గంటలూ ఆ పొలం ఎడారి లెక్కే.

ముందుగా ఎండ లెక్క చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన ఉన్నాయి. అందువల్ల మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువు స్తంభానికి నీడ దాని పాదం కిందే ఉండిపోతుంది. మబ్బు లేని రోజున ఆ సమయంలో ప్రతి చదరపు మీటరు నేల మీదా దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. పచ్చటి చేను మీదా అంతే, నిండు చెరువు మీదా అంతే, బీడు మీదా అంతే. తేడా అంతా ఆ వేడి తరువాత ఎటు పోతుందన్న దానిలో ఉంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. అంత వేడి పొడి గాలికి అందితే దాదాపు 200 ఘనపు మీటర్ల గాలి 10 డిగ్రీలు వేడెక్కుతుంది. తడి ఉన్న నేల, ఆకు ఉన్న పైరు తమ మీద పడిన ఎండలో పెద్ద వాటాను ఇలా ఆవిరికే ఖర్చు పెట్టేస్తాయి కాబట్టి వాటి మీది గాలి పెద్దగా కాగదు. తడి ఆరిపోయిన నేలకు ఆ దారి మూసుకుపోతుంది. దాని వేడి రెండే వైపులకు పోవాలి, కిందికి మట్టిలోకి, పైకి గాలిలోకి.

మట్టిలోకి పోయేది తక్కువే. ఎండిన ఇసుక, దున్ని వదిలేసిన పొడి మట్టి, రేణువుల మధ్య గాలి నిండి ఉండటం వల్ల, వేడిని లోపలికి సరిగా పోనివ్వవు. తడి ఇసుకతో పోలిస్తే ఎండు ఇసుక వేడిని పంపగల శక్తి కొన్ని రెట్లు తక్కువ. అందుకే మే నెల మధ్యాహ్నం నాగావళి ఇసుక మీద చెప్పులు లేకుండా అడుగు వేయలేని చోటనే, జానెడు లోతు తవ్వితే చేతికి చల్లగా తగులుతుంది. వేడంతా పై పొరలోనే చిక్కుకుని ఉంటుంది. పత్రికల్లో వచ్చే 40 డిగ్రీల ఉష్ణోగ్రత నేల మీద కొలిచినది కాదు. మనిషి ఛాతీ ఎత్తున, గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడలో పెట్టిన ఉష్ణమాపకం చూపినది. అదే సమయంలో పైరు లేని ఎండు నేల ఉపరితలం 60 డిగ్రీలు దాటి ఉండటం మామూలే. అంటే మీటరు పైచిలుకు ఎత్తులోనే 20 డిగ్రీల తేడా ఉందన్న మాట.

ఈ తేడా ఎంత అసహజమో తెలియాలంటే ఒక కొలబద్ద ఉంది. పొడి గాలి పైకి లేచేకొద్దీ, పీడనం తగ్గి వ్యాకోచించడం వల్ల, కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి ఇంతకంటే వేగంగా చల్లబడుతూ ఉంటే, కింద నుంచి లేచిన గాలి ఎక్కడికి వెళ్లినా తన చుట్టుపక్కల గాలి కంటే వెచ్చగానే, తేలికగానే ఉంటుంది. కాబట్టి ఆగకుండా లేస్తూ పోతుంది. ఆ తేడా కిలోమీటరుకు 34 డిగ్రీలు దాటితే పరిస్థితి తలకిందులవుతుంది: కింది గాలి పై గాలి కంటే పలచనవుతుంది, బరువైనది తేలికైన దాని మీద కూర్చుంటుంది. కాగిన బీడు మీద మొదటి కొన్ని మీటర్లలో ఉండే తేడా ఈ హద్దును ఎన్నో రెట్లు మించి ఉంటుంది. ఎండమావి కనిపించేది కూడా ఈ పొర వల్లనే. పలాస, టెక్కలి మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి మీద దూరాన నీళ్లు నిలిచినట్టు మెరిసేది, తారును ఆనుకున్న పలచటి వేడి గాలి పొర ఆకాశపు వెలుగును పైకి వంచడం వల్ల వచ్చిన ప్రతిబింబమే. ఎండమావులు బాగా కనిపించే మధ్యాహ్నం సుడిగాలులకూ అనువైన మధ్యాహ్నమని చెప్పవచ్చు; రెండింటికీ మూలం ఒకటే.

బరువైన గాలి పైన, తేలిక గాలి కింద ఎక్కువసేపు ఉండలేవు. పొయ్యి మీద ఎసరు కాగేటప్పుడు నీరంతా ఒక్కసారిగా పైకి లేవదు, కొన్ని చోట్ల పొంగుతూ మిగిలిన చోట్ల దిగుతూ ఉంటుంది. మైదానం మీది గాలి కూడా అలాగే గదులు గదులుగా విడిపోతుంది. ఒక్కో గది వెడల్పు కిలోమీటరు నుంచి కొన్ని కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. గది నడుమ విశాలమైన ప్రాంతంలో చల్లటి గాలి మెల్లగా దిగుతుంది; దిగిన గాలి నేల వెంట అంచులకు పాకుతూ, పాకుతున్నంత సేపూ వేడిని మూటగట్టుకుంటూ, రెండు గదుల సరిహద్దున ఎదురుగా వచ్చే గాలితో కలిసి పైకి లేస్తుంది. ఈ సరిహద్దులు మూడు నాలుగు ఒకచోట కలిసే కూడళ్ల దగ్గర పైకి లేచే గాలి అన్నిటికంటే బలంగా ఉంటుంది. కంప్యూటర్ల మీద చేసిన నమూనా లెక్కల్లో సుడులు ఎక్కువగా పుట్టేది ఈ కూడళ్ల దగ్గరే. పొలంలో నిలబడిన మనిషికి ఈ గదులు కనిపించవు. కానీ వేసవి మధ్యాహ్నం గాలి పూర్తిగా స్తంభించి ఊపిరాడనట్టు ఉండి, ఉన్నట్టుండి ఏదో ఒక దిక్కు నుంచి వడగాడ్పు విసిరి, మళ్లీ ఆగిపోవడం అందరికీ అనుభవమే. అలాంటి విసురుల్లో చాలావాటికి కారణం ఈ గదులు మెల్లగా జరుగుతూ పోవడమే.

వేడి గాలి పైకి లేవడం సరే, అది తిరగడం ఎందుకు? సుడిగాలి విషయంలో చాలా వివరణలు దాటేసే ప్రశ్న ఇది. వేడి మాత్రమే గాలిని తిప్పదు. తిరుగుడు అప్పటికే గాలిలో ఎక్కడో కొద్దిగా ఉండాలి, లేచే గాలి దాన్ని పోగుచేయాలి. ఆ కొద్దిపాటి తిరుగుడు అనేక విధాలుగా దొరుకుతుంది. నేలను రాసుకుంటూ పోయే గాలి ఘర్షణ వల్ల నెమ్మదిగానూ, దాని పైనున్న గాలి వేగంగానూ పోతుంటే, ఆ రెండు పొరల మధ్య గాలి నేలకు సమాంతరంగా దొర్లుతూ ఉంటుంది. పైకి లేచే బలమైన వేడిగాలి ఈ దొర్లుడును మధ్యలో పట్టి లేపితే అడ్డంగా ఉన్న ఇరుసు నిలువవుతుంది, తిరుగుడు నిలువు సుడిగా మారుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు గదుల గాలులు ఎదురుబొదురుగా రాసుకుంటూ పోయే చోట కూడా నిలువు తిరుగుడు ఉంటుంది. ఎత్తయిన చెరువుగట్టు, గట్టున వరసగా నిలిచిన తాటిచెట్లు, ఒంటరి గుట్ట, ఎండిన గెడ్డ ఒడ్డు, ఇలాంటి అడ్డంకుల వెనక గాలి చీలి చిన్న చిన్న సుడులు తిరగడం తెలిసిందే. వీటిలో ఏది ఏ సుడిగాలికి విత్తనమైందో ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది.

విత్తనం చిన్నదైనా పెరగడానికి కారణం కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం. కేంద్రం నుంచి దూరాన్ని, చుట్టూ తిరిగే వేగాన్ని హెచ్చిస్తే వచ్చే విలువ మారకుండా ఉండాలి. పది మీటర్ల దూరంలో సెకనుకు ఒక మీటరు వేగంతో, అంటే ఒంటికి తగిలీ తగలనట్టు, తిరుగుతున్న గాలి, మధ్యలో పైకి లేచే ప్రవాహం లాక్కోవడం వల్ల ఒక మీటరు దూరానికి వచ్చేసరికి సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంటుంది. ఇది గంటకు 36 కిలోమీటర్లు. నేల ఘర్షణ కొంత తినేస్తుంది కాబట్టి లెక్కలో వచ్చినంతా దక్కదు. అయినా ఎడారుల్లో కొలిచిన సుడిగాలుల్లో సెకనుకు 10 నుంచి 25 మీటర్ల వేగాలు నమోదయ్యాయి. కింది గాలి లోపలికి వస్తూ, పై గాలి పైకి సాగిపోతూ ఉన్నంతకాలం ఈ స్తంభం సన్నగా, నిటారుగా, బిగువుగా ఉంటుంది. మధ్యలో పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల సాధారణంగా రెండు నుంచి నాలుగు మిల్లీబార్లు. వెయ్యి మిల్లీబార్ల వాతావరణంలో ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, కొద్ది మీటర్ల దూరంలోనే ఇంత తేడా రావడం చిన్న విషయం కాదు. లోపలికి లాగే ఈ పీడనపు తేడా, బయటికి విసిరే అపకేంద్ర బలం ఒకదానికొకటి సరితూగినంత సేపూ సుడి నిలబడుతుంది.

దగ్గరగా చూస్తే దాని నిర్మాణం బాగా తెలుస్తుంది. మొక్కజొన్న కోసిన గరువు పొలంలో లేచిన సుడిగాలిని తీసుకుంటే, మొదట కదిలేది దుమ్ము కాదు. నేల మీద పడి ఉన్న ఎండు పొత్తిపొరలు, గడ్డిపరకలు ఒక చుట్టు వెంట జరగడం మొదలుపెడతాయి, అప్పటికి ఇంకా స్తంభం లేదు. రెండు మూడు క్షణాల్లో నేల మీద చిరిగిన వలయంలా మట్టి లేస్తుంది, సర్రుమనే శబ్దం వినిపిస్తుంది. ముతక ఇసుక మోకాలి ఎత్తు దాటకుండా పాదం చుట్టూ ఎగురుతూ ఉండిపోతుంది. సన్నటి ఎర్ర ధూళి మాత్రమే పైకి వెళ్లి స్తంభానికి రంగునిస్తుంది. టేకాకులు, పాలిథిన్ సంచులు, చొప్ప ఆకులు, ఇలా వెడల్పుగా, తేలికగా ఉన్నవి అన్నిటికంటే ఎత్తుకు పోతాయి, స్తంభం ముగిసిన చాలా పైన బయటికి విసిరివేయబడి, దూరంగా మెల్లగా దిగుతాయి. సరిగ్గా మధ్యలోకి చూడగలిగితే అక్కడ దుమ్ము పలచగా ఉంటుంది. బరువైన రేణువులు అపకేంద్ర బలం వల్ల పక్కలకు పోవడం ఒక కారణమైతే, బలమైన సుడుల నడిబొడ్డున గాలి పైకి కాక కిందికి దిగుతూ ఉండటం మరో కారణం. లోపలి గాలి చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది.

దుమ్ము లేవడం విడిగా చెప్పుకోదగిన విషయం. సన్నటి పొడి తేలిగ్గా ఎగురుతుందనీ, ముతకది ఎగరదనీ అనుకోవడం సగమే నిజం. మరీ సన్నటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి గాలి వాటిని నేరుగా ఊడదీయలేదు. అన్నిటికంటే ముందు కదిలేవి మిల్లీమీటరులో పదో వంతు పరిమాణంలో ఉండే ఇసుక రేణువులు. అవి ఎగిరి దూకి మళ్లీ నేలను తాకినప్పుడు, ఆ దెబ్బకు సన్నటి ధూళి విడిపడి లేస్తుంది. సుడి మధ్యలోని తక్కువ పీడనం కూడా మట్టిని పైకి పీల్చుతుందని అమెరికాలో ప్రయోగశాలలో సృష్టించిన సుడులతో చేసిన పరీక్షల్లో తేలింది. అందువల్ల ఒకే బలం ఉన్న సుడి, నేలను బట్టి వేరువేరుగా కనిపిస్తుంది. నాగావళి, వంశధార నదుల ఎండిన ఇసుక పర్రల మీద వేడికి కొదవ లేదు, అయితే శుభ్రంగా కడిగిన ముతక ఇసుకలో ఎగరగల సన్న ధూళి తక్కువ. అక్కడ సుడి పుట్టినా పాదం చుట్టూ ఇసుక చిమ్మడమే కనిపిస్తుంది, ఎత్తయిన స్తంభం లేవదు. పశువుల గిట్టల కింద నలిగి పొడైన ఎర్రమట్టి దారి మీదికి అదే సుడి వస్తే, కిలోమీటరు దూరం నుంచి కనిపించే స్తంభమవుతుంది. చెరువు గర్భంలో నెరలిచ్చిన ఒండ్రు మట్టి పైన గట్టి పెంకు కట్టి ఉంటే సుడి దాన్ని కదిలించలేక ఆనవాలు లేకుండా దాటిపోతుంది.

కాబట్టి కనిపించే సుడిగాలులు, ఉన్న సుడిగాలుల్లో కొన్ని మాత్రమే. దీనికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం దొరికింది అంగారకుడి మీద. 2018 నవంబరులో అక్కడ దిగిన ఇన్‌సైట్ అనే పరిశోధక నౌకలోని పీడనమాపకం తన మీదుగా దాటిపోయిన సుడులను వేల కొద్దీ నమోదు చేసింది. దాని కెమెరాలకు మాత్రం ఒక్క దుమ్ము స్తంభం కూడా చిక్కలేదు. గాలి తిరిగింది, నేల దుమ్మును వదలలేదు. ఇన్‌సైట్ సౌరఫలకాల మీద దుమ్ము పేరుకుపోయి, విద్యుత్తు అందక, 2022 డిసెంబరులో ఆ యాత్ర ముగిసింది. దీనికి భిన్నంగా, గుసెవ్ బిలంలో తిరిగిన స్పిరిట్ రోవర్ 2005 మార్చిలో వరసగా సుడిగాలులను ఫొటోలు తీసింది. అదే సమయంలో గాలి దాని సౌరఫలకాలను తుడిచిపెట్టి, పడిపోయిన విద్యుదుత్పత్తిని మళ్లీ పెంచింది. అంగారకుడి వాతావరణ పీడనం భూమి మీద దానిలో నూరో వంతు కూడా ఉండదు, అయినా అక్కడి సుడిగాలులు ఇక్కడి వాటి కంటే చాలా పెద్దవి. 2012 మార్చిలో కక్ష్యలోని నౌక తీసిన ఒక చిత్రంలో దుమ్ము స్తంభం దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తుంది. 2021 సెప్టెంబరులో పర్సెవరెన్స్ రోవర్ మీదుగానే ఒక సుడిగాలి దాటిపోగా, దాని మైక్రోఫోన్ ఆ చప్పుడును, రేణువులు రోవర్‌కు తగిలే టకటకలతో సహా పట్టుకుంది.

భూమి మీద ఈ అధ్యయనం మొదలైన చోట్లలో మన ఉపఖండం ఒకటి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో లాహోరులో సైనిక వైద్యుడిగా పనిచేసిన బాడ్లీ, అక్కడి సుడిగాలులను, దుమ్ము తుపానులను ఏళ్ల తరబడి గమనించి, వాటిలో విద్యుత్తు ఉందని పరికరంతో చూసి రాశాడు. దుమ్ము సుడులకు విద్యుత్తే కారణమన్నది ఆయన నమ్మకం. కారణం విషయంలో ఆయన నిర్ణయం నిలబడలేదు గానీ, విద్యుత్తు ఉందన్న పరిశీలన నిజమే. సహారాలో ఒక పెద్ద సుడిగాలి పక్కన విద్యుత్ క్షేత్రాన్ని కొలిచి, 1960లో ప్రచురించిన పత్రంలో దీన్ని నిర్ధారించారు. రేణువులు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు సన్నవి రుణావేశాన్ని, ముతకవి ధనావేశాన్ని పొందుతాయి. సన్నవి పైకి, ముతకవి కిందనే ఉండిపోవడంతో ఆవేశాలు విడిపోతాయి. 1960లలోనే పీటర్ సింక్లెయిర్ అరిజోనా ఎడారిలో వాహనానికి పరికరాలు అమర్చుకుని సుడిగాలుల లోపలికే వెళ్లి వేడిని, పీడనాన్ని, గాలి వేగాన్ని కొలిచాడు. లోపలి గాలి దిగుతుందన్నది అలా తెలిసిందే. 1998లో నిల్టన్ రెనో, ఆయన సహచరులు సుడిగాలిని ఒక ఉష్ణయంత్రంగా లెక్కగట్టారు: కాగిన నేల దగ్గర వేడిని తీసుకుని, పైన చల్లటి గాలికి ఇచ్చి, మధ్యలో కొద్ది భాగాన్ని గాలి వేగంగా మార్చే యంత్రం. నేల దగ్గరి గాలి 40 డిగ్రీలుంటే, కింది గాలీ పై గాలీ లేస్తూ దిగుతూ బాగా కలిసిపోయిన పొరలో ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ కలిసిన పొర ఎంత ఎత్తుకు లేస్తే సుడి అంత బలంగా ఉండగలదు. ఎడారుల్లో వేసవిలో ఈ పొర మూడు నాలుగు కిలోమీటర్లకు కూడా లేస్తుంది. వందల మీటర్ల ఎత్తున, కొన్నిసార్లు కిలోమీటరు దాకా పెరిగే స్తంభాలు ఎడారిలో లేవడానికీ, ఇక్కడ సాధారణంగా పదుల మీటర్ల దగ్గరే ఆగిపోవడానికీ ఉన్న ముఖ్యమైన కారణం ఇదే.

సముద్రం పక్కన ఉండటం ఆ పొరను ఎత్తుకు లేవనివ్వదు. వేసవిలో ఉదయం పది, పదకొండు గంటలయ్యేసరికి బంగాళాఖాతం నుంచి చల్లటి తేమగాలి ఒడ్డెక్కుతుంది, మధ్యాహ్నానికి లోపలికి జొరబడుతుంది. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో సుడిగాలి అరుదు కావడానికి ఈ గాలి ఒక కారణం, చెట్ల నీడ మరొకటి. విజయనగరం పట్టణం సముద్రానికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉంటుంది, బొబ్బిలి అంతకు రెట్టింపు కంటే ఎక్కువ దూరం. సముద్రపు గాలి వెళ్లేలోపు లోపలి మెట్టకు నాలుగైదు గంటల నిరాటంకమైన ఎండ దొరుకుతుంది. అందువల్ల ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, తీరానికి దూరంగా ఉన్న మండలాల్లోనే వీటిని చూసే అవకాశం ఎక్కువ. గరివిడి, చీపురుపల్లి పరిసరాల్లో మాంగనీసు గనుల నల్లటి రాతిపొడి గుట్టలు ఎండను ఎక్కువగా మింగే రకం నేల. ఎర్రమట్టి పక్కన నల్లటి నేల, పచ్చటి తోట పక్కన బీడు, ఇలా వేడిలో తేడా ఉన్న సరిహద్దులు సుడికి అనువైన చోట్లు. సముద్రపు గాలి ముందంచు ఒక ఊరి మీదికి వచ్చే వేళ, వేడి గాలి, చల్లగాలి ఎదురుపడే ఆ గీత వెంట ఒకటి రెండు సుడులు లేచి, చల్లగాలి పూర్తిగా పరుచుకోగానే అణిగిపోవడం కూడా సంభవమే.

చాలా సుడిగాలులు కొద్ది నిమిషాలే ఉంటాయి. అమెరికాలోని యూటా ఉప్పు మైదానాల్లో గంటల తరబడి నిలిచినవి నమోదయ్యాయి. అక్కడ మైళ్ల కొద్దీ ఒకే రకం నేల. ఇక్కడ పొలాలు చిన్నవి, నేల ఎకరానికొక తీరు. సుడి తేలిగ్గా వీచే గాలి వెంట కొద్దిగా వంగి నడుస్తూ, నడిచినంత మేరా కింద వేడి గాలి దొరికితేనే బతుకుతుంది. బోరు కింద పెట్టిన కూరగాయల మడిలోకో, మామిడి తోటలోకో అడుగు పెట్టగానే దాని ఆధారం తెగిపోతుంది. మబ్బు నీడ పడినా అంతే. గాలి మరీ బలంగా వీచినా అది పుట్టదు. బలమైన గాలి వేడి పొరను ఎప్పటికప్పుడు పైపొరలతో కలిపేసి తేడాను చెరిపేస్తుంది.

తుపాను ప్రాంతంలో ఉన్నందువల్ల ఇక్కడివారికి సహజంగా కలిగే ఆలోచన, సుడిగాలి తుపానుకు చిన్న తమ్ముడని. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటిన గులాబ్, రెండూ సుడులే, నిజమే. కానీ పోలిక అక్కడితో సరి. తుపాను శక్తి సముద్రపు నీటి ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం. సుడిగాలికి తేమే శత్రువు. తుపాను వందల కిలోమీటర్ల వెడల్పున రోజుల తరబడి తిరుగుతుంది కాబట్టి భూభ్రమణం వల్ల కలిగే కొరియాలిస్ ప్రభావం దాని దిశను నిర్ణయిస్తుంది. ఉత్తరార్ధగోళంలో అది ఎప్పుడూ అపసవ్య దిశలోనే తిరుగుతుంది. అయిదు మీటర్ల వ్యాసార్ధంలో సెకనుకు 10 మీటర్ల వేగంతో తిరిగే సుడిగాలిలో, 18 డిగ్రీల అక్షాంశం దగ్గర, అపకేంద్ర బలం కొరియాలిస్ బలానికి 40 వేల రెట్లకు పైగా ఉంటుంది. ఇక భూభ్రమణం మాట చెల్లదు. ఎడారుల్లో లెక్కపెట్టిన సుడిగాలుల్లో సవ్య దిశలో తిరిగేవీ, అపసవ్య దిశలో తిరిగేవీ దాదాపు సమానంగానే ఉన్నాయి. ఏ సుడి ఎటు తిరగాలో ఆ క్షణాన ఆ చోటి గాలి వాటమే తేలుస్తుంది. మబ్బు నుంచి కిందికి దిగే టోర్నడోతో దీన్ని కలపడం కూడా సరికాదు. సుడిగాలి నిర్మలమైన ఆకాశం కింద, నేల నుంచి పైకి పుడుతుంది.

సుడిగాలిలో దయ్యం ఉంటుందని, దాని దారిలో నిలబడితే గాలీ ధూళీ సోకుతుందని పల్లెల్లో పెద్దలు పిల్లలను పక్కకు లాగడం ఇప్పటికీ ఉంది. బాలకృష్ణుణ్ణి ఎత్తుకుపోయిన తృణావర్తుడు సుడిగాలి రూపంలో వచ్చినవాడే. కారణం ఏదైనా పక్కకు లాగడం మంచి పనే. కంట్లో, ముక్కులో పడే ఇసుక, ఎగిరివచ్చే ముళ్లకంపలు, రేకుముక్కలు నిజమైన ప్రమాదం. వదులుగా కట్టిన పెళ్లి షామియానాను, మేకులు సరిగా లేని రేకుల కప్పును లేపగల బలం మధ్యరకం సుడిగాలికి ఉంటుంది. అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది నిప్పు విషయం. చెరకు నరికిన తోటలో ఆకు, కోసిన చేలో చొప్ప తగలబెట్టడానికి రైతులు ఎంచుకునే ఎండు మధ్యాహ్నమే సుడిగాలికీ అనువైన వేళ. మంట తానే నేల కంటే ఎన్నో రెట్లు బలమైన వేడి గాలిని లేపుతుంది కాబట్టి దాని మీద సుడి కట్టడం మరింత తేలిక. అలా లేచిన నిప్పురవ్వలు గట్టు దాటి గడ్డికుప్పల మీద, తాటాకు ఇళ్ల మీద పడతాయి. పొద్దుటి పూట, నేల కాగకముందే, లేదా సాయంత్రం సముద్రపు గాలి నిలకడగా వీచి తగ్గిన తరువాత తగలబెడితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అసలు తగలబెట్టకుండా దుక్కిలో కలిపేస్తే నేలకూ మేలు.

జూన్ రెండో వారం ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు ఉత్తరాంధ్రకు చేరి, తొలకరి వానలు పడి, నువ్వు, గోగు మొలకలు నేలను కప్పుతున్నప్పుడు సుడిగాలుల కాలం ముగుస్తుంది. అయితే అది ఒక్కరోజులో జరగదు. మొదటి వాన తరువాత వారం పదిరోజులు వరుణుడు మొహం చాటేస్తే, పై అంగుళం మట్టి మళ్లీ ఎండి పొడవుతుంది; కింద తడి ఉన్నా పైనుంచి ఆవిరి రావడం దాదాపు ఆగిపోతుంది, నేల మళ్లీ కాగుతుంది. అలాంటి జూన్ మధ్యాహ్నాల్లో, విత్తనం వేసిన చేలలో, ఏప్రిల్ నాటి కంటే పొట్టిగా, సన్నగా, ఒకటీ అరా లేస్తూనే ఉంటాయి.